గంగాభవాని మెడనొప్పి

మర్దనశాల వరండాలో ఓ తండ్రి కుడి చెవి పట్టుకుని కుయ్యోమొర్రోమంటున్నాడు. అతని ఒళ్ళో చంటిది కూడా ఏడుస్తోంది గానీ తండ్రి అంత గట్టిగా కాదు. చెవిపోటు పిల్లది. తోడునాడి పట్టీ ఒకటి పిల్ల మెడ వెనక, దాని జంట పట్టీ తండ్రి మెడ వెనక అంటించి ఉన్నాయి. పిల్లల్ని చూపించడానికి వచ్చే పెద్దలు అలా పట్టీ పెట్టుకుని రావడం ఆ రోజుల్లో మామూలే కాబట్టి పక్కనున్న వాళ్ళెవరూ అతనికేసి చూడటం లేదు.

అప్పుడే పడవ దిగి మెట్లెక్కి వచ్చిన తరంగిణి మాత్రం ఆగింది.

"పట్టీ తీసెయ్యండి బాబూ. చెవి అని తెలిసిపోయిందిగా, ఇంకా ఎందుకా బాధ?" అంది.

"తీసేస్తే పిల్ల ఒక్కతే పడాలి కదండీ," అన్నాడతను ముక్కు ఎగబీలుస్తూ.

తరంగిణికి నవ్వూ వచ్చింది, కళ్ళూ చెమర్చాయి. పిల్ల బుగ్గ నిమిరి లోపలికి నడిచింది. వెనక నుంచి ఎవరో "తరంగిణిగారూ" అని పిలిస్తే ఆగి, మనిషంతా అటు తిరిగి జవాబు చెప్పి, మళ్ళీ మనిషంతా ఇటు తిరిగి తన గదికి వెళ్ళిపోయింది.

తోడునాడి వచ్చి అప్పటికి ఓ తరం దాటింది. ఉల్లిపొర అంత పల్చటి పట్టీలు రెండు. ఒకటి నొప్పి పడేవారి మెడ మీద, రెండోది ఆ నొప్పి తెలుసుకోవలసిన వారి మెడ మీద అంటిస్తే చాలు. ఒకరి నరాల్లో పుట్టిన పోటును బాగా పల్చన చేసి రెండోవారి ఒంట్లో సరిగ్గా అదే చోట పుట్టిస్తుంది. దాంతో లోకం తీరే మారిపోయింది. పళ్ళు పీకే డాక్టర్ల చేతులు వెన్నలా మెత్తబడ్డాయి. కొత్త చెప్పు ఎక్కడ కరుస్తోందో కొనేవాడి కంటే ముందు అమ్మేవాడే చెప్పేవాడు. పురిటిగదిలో భర్తలు పట్టీ పెట్టుకోవాలన్న చట్టం వచ్చాక రెండో బిడ్డ మాట ఎత్తే మగవాళ్ళు బాగా తగ్గిపోయారని ఆడవాళ్ళు నవ్వుకునేవారు. మొత్తానికి మనుషులు మునుపటి కంటే మంచివాళ్ళయ్యారనే చెప్పాలి. పక్కవాడి నొప్పి తన ఒంట్లో కలుక్కుమంటూ ఉంటే ఎంత మొండివాడైనా ఎంతసేపు బిగదీసుకుని కూర్చోగలడు?

అన్నిటికంటే మారింది మర్దనా పని. పూర్వం మర్దనా చేసేవాళ్ళు వేళ్ళతో తడుముకుంటూ, రోగి ముఖం చూసుకుంటూ, పట్టేసిన కండను వెతుక్కునేవారట. ఇప్పుడా అవసరం లేదు. నొప్పి ఎక్కడుందో, నొక్కితే సుఖంగా ఉందో ప్రాణం పోతోందో మర్దనకారిణికి తన ఒంట్లోనే తెలిసిపోతుంది. యంత్రానికి ముల్లు లేదు, అంకె లేదు. ఆమె ఒళ్ళే కొలత. తగ్గిందని ఆమె అంటే తగ్గినట్టు, లేదంటే లేనట్టు. పైగా జత కుదరడానికి చాలా రోజులు పడుతుంది కనక ఒకరు మొదలుపెట్టిన మెడను మధ్యలో ఇంకొకరు ముట్టుకోరు.

ఈ పనికి ఒక చిక్కు ఉంది. పట్టీ తీసేశాక కూడా పరాయి నొప్పి కాసేపు ఒంట్లో తచ్చాడుతుంది. దానికి మిగులునొప్పి అని పేరు. పని నేర్పే బడిలో అందరికంటే ముందు దాన్ని వదిలించుకోవడమే నేర్పిస్తారు. ఒంట్లో ఎక్కడైనా కలుక్కుమంటే అది ఏ రోగిదో గుర్తు చేసుకోవాలి, కల్లుప్పు కలిపిన నీళ్ళతో మెడా చేతులూ కడుక్కోవాలి, ఇక దాని సంగతి మరిచిపోవాలి. తరంగిణి ఆ బడిలో అందరికంటే చురుకైన పిల్ల. చదువు ముగించి వచ్చిన దగ్గర్నుంచీ ఆ తీరంలో ఎవరి మెడ పట్టేసినా, ఎవరు జారిపడి నరం బెణికించుకున్నా ఆమె దగ్గరికే పంపుతున్నారు. ఎన్ని మెడల నొప్పి తన మెడతో పడిందో ఆమెకే లెక్క లేదు.

ఆ మెడల్లో ఒకటి గంగాభవానిది.

గంగాభవాని నూకాలమ్మ గరగ ఎత్తే మనిషి. గరగంటే ఇత్తడి కలశానికి పడగ విప్పిన పాముల తొడుగు అమర్చి, చుట్టూ రంగుచీరలూ వేపమండలూ కట్టిన అమ్మవారి రూపం. దాన్ని తల మీద పెట్టుకుని, చేత్తో పట్టకుండా, డప్పుల వరసకి ఆడాలి. సముద్రం ఊళ్ళోకి వచ్చి ఊరు స్తంభాల మీదికి ఎక్కాక జాతర కూడా నీళ్ళ మీదికి మారింది. ఇప్పుడు బల్లకట్టులాంటి పంటు మీద ఆడుతూ వాడవాడకీ వెళతారు. వయసు అరవైకి దగ్గర పడుతున్నా పంటు ఎంత ఊగినా గంగాభవాని తల మీది గరగ ఊగేది కాదు. అలాంటి మనిషి గరగ లేకుండా ఉత్త తలతో సాధన చేస్తూ తడి బల్ల మీద కాలు జారి మెడ మడతపడేలా పడింది. ఎముక విరగలేదు గానీ నరాలూ కండలూ నలిగిపోయాయి. నొప్పి ఉన్న మెడ మీద అమ్మవారిని ఎక్కించకూడదని జాతర పెద్దల కట్టుబాటు. తరంగిణి సరేనంటే తప్ప గరగ ముట్టుకోవడానికి లేదు. ఒక ఏడు ఎత్తకపోతే గరగ ఇంకో ఇంటికి పోతుంది. పోయిన గరగను మళ్ళీ అడగడం వాళ్ళలో లేదు.

మొదట్లో గంగాభవాని నొప్పి తరంగిణిని కూడా ఏడిపించింది. ఇద్దరూ చెరో వైపు పళ్ళు బిగించుకుని కూర్చునేవారు. గోరువెచ్చటి నువ్వులనూనె రాసి, చెవి వెనక నుంచి భుజం దాకా బొటనవేళ్ళతో మెల్లగా దువ్వుతూ ఉంటే రోజురోజుకీ ముడి వీడుతూ వచ్చింది. గంగాభవాని తన వాడ కబుర్లన్నీ చెప్పేది. వచ్చినప్పుడల్లా గోరుమిటీలో, జంతికలో కొంగున కట్టుకుని తెచ్చి తినే దాకా ఊరుకునేది కాదు. తరంగిణి ఆమెను పిన్నిగారూ అని పిలవడం ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు.

తరవాత ఎక్కడో తగ్గడం ఆగిపోయింది.

"నాకైతే నొప్పి లేదమ్మాయ్. నిజం చెప్తన్నాను. పొద్దున్న నీళ్ళబిందె నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాను, ఏమీ అనిపించలేదు," అంది గంగాభవాని ఒకనాడు.

"బిందె ఎత్తారా! ఎవరెత్తమన్నారు మిమ్మల్ని?"

"ఒకళ్ళు అనేదేంటే? నా బిందె, నా నెత్తి."

"ఊరుకోండి పిన్నిగారూ. ఇదిగో, ఇక్కడ ఎడమ చెవి వెనక నుంచి భుజం కొస దాకా లాగేస్తోంది. మీకు తెలియడం లేదంతే."

"నా మెడలో ఉన్నది నాకు తెలీదా?"

"గరగ ఎత్తాలని మనసు కొట్టుకుంటోంది కదా. అలాంటప్పుడు ఒంటి మాట నమ్మకూడదు."

ఈ చివరి మాట తరంగిణి సొంతం కాదు, బడిలో చెప్పించుకున్నది. గంగాభవాని తన పట్టీ తీసి ఇచ్చేసింది. పట్టీ కంటే తనకెక్కువ తెలుసునని వాదించే కాలం కాదది. ఆ తరవాత ఆమె మెట్లెక్కేటప్పుడు కమ్మీ పట్టుకోవడం మొదలుపెట్టింది. వెల్లకిలా కదలకుండా పడుకుంటున్నానంది. చివరికి ఒకరోజు చాలా నెమ్మదిగా, "నువ్వంటన్నావు కాబట్టి చూసుకుంటంటే, ఉన్నట్టే ఉందమ్మాయ్," అంది. ఆ మాటకి తరంగిణి గుండె చివుక్కుమంది. అయినా ఏం చేస్తుంది? నొప్పి తన మెడలో తిరుగులేకుండా తెలుస్తూనే ఉంది. పైగా వారం వారం పెరుగుతోంది కూడా.

ఇవాళ జాతర, సరేనో కాదో చెప్పడానికి ఇదే ఆఖరి రోజు. మధ్యాహ్నానికి గరగ ఎత్తాలి. తరంగిణికి రాత్రంతా సరిగ్గా నిద్రలేదు. కాదని ఆ మనిషి ముఖం చూసి ఎలా చెప్పాలో తెలియక దారి పొడుగునా సతమతమవుతూ వచ్చింది.

గంగాభవాని అప్పటికే గదిలో ఉంది. తలంటు పోసుకుని, పసుపు రంగు చీర కట్టుకుని, మెడకీ చేతులకీ దట్టంగా పసుపు రాసుకుని వచ్చింది. గరగ ఎత్తబోయే మనిషి ముస్తాబే అంతా.

"తిట్టకు," అంది గంగాభవాని ముందే. "ఒకేళ నువ్వు సరేనంటే మళ్ళీ ఇంటికెళ్ళి తయారయ్యే టైముండదని..."

తరంగిణి తిట్టలేదు. తల వంచుకుని నూనెగిన్నె వెచ్చబెట్టింది. గంగాభవాని తన పట్టీ అందుకుని ఎప్పటిలాగే పీట మీద అటు తిరిగి కూర్చుంది. తరంగిణి తన పట్టీ అంటించుకుంది, అరచేతులు రుద్దుకుని ఆమె మెడ మీద వేసింది. వేసీ వెయ్యగానే కళ్ళు మూసుకుంది.

"ఉందా?" అని అడిగింది గంగాభవాని.

తరంగిణి వేళ్ళు ఎడమ పక్కకి జరిపింది. "ఉంది పిన్నిగారూ," అంది. "అక్కడే. ఎడమ పక్క. నిన్నటి కంటే ఎక్కువగా ఉంది. నన్ను క్షమించండి. నేను సరే అనలేను."

గంగాభవాని కదల్లేదు. ఏడుస్తోందేమోనని తరంగిణి ముందుకి వంగి చూసింది. ఆమె ఏడవడం లేదు. కుడి చెయ్యి పిడికిలి విప్పి, అందులో ఉన్నదాన్ని భుజం మీదుగా వెనక్కి చూపించింది. ఆమె పట్టీ.

"పసుపు మీద అతుక్కోలేదమ్మా. తుడుచుకుని పెట్టుకుందామని చేతిలో పట్టుకున్నాను," అంది గంగాభవాని.

తరంగిణి ఆ పట్టీకేసి చూసింది. పసుపు పూసిన ఆ మెడకేసి చూసింది. దాని మీద ఏమీ లేదు.

"పాడైంది," అంది గబగబా తన పట్టీ పీకేస్తూ. "నా పట్టీ పాడైంది. వేరేది తెస్తాను."

పట్టీ తీసేసినా మెడలో లాగుతూనే ఉంది. మూలనున్న తొట్టిలో ఉప్పునీళ్ళు దోసిలితో తీసుకుని మెడ మీద పోసుకుంది. జాకెట్టంతా తడిసింది గానీ నొప్పి కదల్లేదు.

"మిగులునొప్పి," అంది.

"ఎవరిది? పొద్దుట్నుంచీ ఎవరి మెడన్నా పట్టావా?"

లేదు. ఆ రోజుకి గంగాభవానిదే మొదటి మెడ. తరంగిణి నీళ్ళు కారుతూ అలాగే నిలబడిపోయింది.

గంగాభవాని పీట మీంచి లేచి ఆమె పక్కగా వచ్చి నిలుచుంది. "ఇటు చూడు. ఒళ్ళు తిప్పకు. ఉత్త మెడ తిప్పి నాకేసి చూడు," అంది.

తరంగిణి తిప్పబోయింది. గడ్డం భుజం వైపు కొంచెం జరిగి ఆగిపోయింది. అంతకు మించి రాలేదు. బలవంతాన తిప్పబోతే కళ్ళ ముందు మెరుపులు మెరిశాయి.

"నేను గమనిస్తానే ఉన్నాను," అంది గంగాభవాని. "పిలిస్తే కొయ్యబొమ్మలాగా మనిషంతా తిరుగుతావు. అడుగుదామనుకున్నాను కూడాను. మళ్ళీ, వీళ్ళకి మనం చెప్పేదేముందిలే, నొప్పుల సంగతి అన్నీ వీళ్ళకే తెలుసు గదా అని ఊరుకున్నాను. బుద్ధి తక్కువైంది నాకు. ఎన్నాళ్ళ నుంచే ఇది?"

తరంగిణి గుర్తు చేసుకోబోయింది. తలగడ తీసేసి పడుకోవడం ఎప్పుడు మొదలుపెట్టింది? జడ అల్లుకునేంత సేపు చెయ్యెత్తి ఉంచలేక ముడి చుట్టుకోవడం? ఎడమకి తల తిప్పక్కర్లేకుండా పడవలో ఎప్పుడూ ఎడమ కొసనే కూర్చోవడం? ప్రతిసారీ అది నిన్నటి రోగిదో మొన్నటి రోగిదో అనుకుని ఉప్పునీళ్ళతో కడిగేసుకుంది. ఇన్నేళ్ళుగా ఎందరి నొప్పికో తన మెడ బిగబట్టి బిగబట్టి, ఆ బిగువు కండల్లో పాతుకుపోయింది. ఒకరి నొప్పి ఒకరికి తెలిసేలా చేసిన మహానుభావులకి, తెలుసుకునే మనిషి తన నొప్పిని గుర్తుపట్టడం మరిచిపోతుందని తోచనే లేదు. పాపం ఎలా తోస్తుంది? సొంత నొప్పి తెలియని మనిషి ఉంటుందని ఎవరనుకుంటారు?

ఇదంతా తట్టాక తరంగిణికి మొదట వచ్చింది తన మీద జాలి కాదు. సిగ్గు.

"మీకు ఎప్పుడో తగ్గిపోయింది పిన్నిగారూ. నా నొప్పి మీ మెడకి అంటగట్టి ఇన్నాళ్ళూ మిమ్మల్ని కూర్చోబెట్టాను. లేని నొప్పి ఉన్నట్టే ఉందని మీ చేత అనిపించాను," అంది. గోడకున్న పలుకుబిళ్ళ నొక్కి జాతర పెద్దల్ని పిలిచింది. "నేను తరంగిణిని. గంగాభవానిగారి మెడ పూర్తిగా నయమైంది. ఏ నొప్పీ లేదు. గరగ ఆవిడే ఎత్తుతారు," అని చెప్పింది. అవతలి నుంచి ఎవరో సంతోషంగా కేకవేశారు.

గంగాభవాని రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. పసుపు బుగ్గల మీద కన్నీళ్ళు చారలు కట్టాయి. మెల్లగా తల కుడికి తిప్పింది, ఎడమకి తిప్పింది, ఆడేటప్పుడు ఆడించినట్టు సుతారంగా ముందుకీ వెనక్కీ ఆడించింది. ఎక్కడా అడ్డు తగల్లేదు. చిన్నపిల్లలా నవ్వింది.

"వెళ్ళండి పిన్నిగారూ. మీకోసం చూస్తుంటారు."

"వెళ్తాలే. కూచో."

"ఎక్కడ?"

"ఇక్కడే. నేను కూచున్న చోట."

తరంగిణి వద్దంటూనే పీట మీద కూర్చుంది. వెనక కుర్చీలో గంగాభవాని కూర్చుని, కూతురికి తల దువ్వే తల్లిలాగా ఆమెను మోకాళ్ళ మధ్యకి లాక్కుంది. తడిసిన మెడ కొంగుతో అద్దింది. వెచ్చబెట్టిన నూనె అరచేతిలో పోసుకుంది. గరగ తాళ్ళు బిగించి బిగించి మొరటుదేరిన ఆ చేతులు మెడ మీద పడగానే తరంగిణి ఉలిక్కిపడింది. ఊహ తెలిశాక ఆ చోట ఇంకొకరి చెయ్యి పడ్డ గుర్తు ఆమెకి లేదు.

"ఎక్కడే నొప్పి?"

తరంగిణి పక్కనున్న పట్టీల జత తీసి వెనక్కి అందించింది. "ఇది పెట్టుకోండి. నేను చెప్పక్కర్లేదు, మీకే తెలిసిపోతుంది."

గంగాభవాని అందుకోలేదు. "నాకు తెలిస్తే నీకేం లాభం? నీకు తెలియాలి. నోటితో చెప్పు."

తరంగిణి చెప్పబోయింది. ఇదే నొప్పి గంగాభవానిది అనుకున్నంత కాలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో పూసగుచ్చినట్టు చెప్పింది. ఇప్పుడు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు.

"మెడ..." అంది చివరికి.

"ఎవరి మెడ?"

"నా మెడ," అంది తరంగిణి. అనేసరికి లోపల ఏదో తెగినట్టయి భోరుమంది. "నా మెడ నొప్పిగా ఉంది పిన్నీ. చాలా నొప్పిగా ఉంది."

"ఆఁ. చెప్పు తల్లీ. ఎక్కడ?"

"చెవి వెనక. కొంచెం కిందికి. కాదు, ఇంకా లోపలికి... ఆఁ, అక్కడ. అక్కడి నుంచి భుజంలోకి పోతోంది. రాత్రిళ్ళు వేళ్ళు కూడా తిమ్మిరెక్కుతున్నాయి."

"నొక్కితే?"

"ప్రాణం పోతోంది."

"మరి చెప్పవే, మెల్లగా అని! నాకెలా తెలుస్తది?"

"మెల్లగా పిన్నీ," అంది తరంగిణి ఏడుపులోనే నవ్వొచ్చి.

గంగాభవాని చేతులు తేలికయ్యాయి. ఎక్కడ నొక్కాలో, ఎంత నొక్కాలో ఆమెకి ఏమీ తెలియదు. అడుగుతూ, చెప్పించుకుంటూ, తప్పు చోట నొక్కి నాలిక కరుచుకుంటూ బొటనవేలితో దువ్వుతోంది. కిటికీ అవతల కాలవలోంచి డప్పులు మొదలయ్యాయి. గరగమేళం పంటు మర్దనశాల రేవుకే వచ్చేసినట్టుంది. ఎవరో గంగాభవానిని పేరు పెట్టి పిలుస్తున్నారు.

"పిలుస్తున్నారు," అంది తరంగిణి.

"పిలవనీ. నీది చెప్పడం అయిందా?"

తరంగిణి కళ్ళు తుడుచుకుంది. అయిపోయిందనడం ఆమెకి అలవాటైన మాటే. అది నోటి దాకా వచ్చింది కూడా.

"అవలేదు పిన్నీ," అంది.

గంగాభవాని మళ్ళీ కాస్త నూనె అరచేతిలో పోసుకుంది.